నాదాకా రాదుగా టీచర్

ఐదు తెరలు ఒక్కసారిగా నల్లబడ్డాయి. రెండు క్షణాలు గదంతా బిగుసుకుపోయింది. ఆ తర్వాత ఒకటే గోల. "పోయింది టీచర్! అంతా పోయింది టీచర్!" కరెంటు పోలేదు, పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. కుడిపక్క గోడ వారనున్న ఐదు మానిటర్లూ వెలుగుతూనే ఉన్నాయి. ఎడమపక్కవే ఆరిపోయాయి. అంటే బల్ల కిందున్న సీపీయూ బటన్‌ను ఎవరో కాలివేలితో నొక్కారన్నమాట. ఆ నెలలో అది మూడోసారి.

నేను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారిగా 5,000 హైస్కూళ్లలో కంప్యూటర్ చదువు మొదలుపెట్టిన రోజులవి. ఏజెన్సీలు సామాను తెచ్చి, గది సిద్ధం చేసి, ఐదేళ్లు నడిపి, ఆ తర్వాత అంతా బడికి అప్పగించి వెళ్లాలి. అదీ ఒప్పందం. మా బడికి ఇద్దరం వచ్చాం, నేనూ ఇంకో సారూ. బీయస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న నాకు మార్కాపురం నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఆ జిల్లా పరిషత్తు హైస్కూలు దొరికింది. జీతంలో బస్సు చార్జీలు పోను మిగిలేది తక్కువే. అయినా మొదటిరోజు ఆ గది తాళం నా చేతికిచ్చినప్పుడు ఇంటికి వెళ్లేదాకా పిడికిలి విప్పలేదు.

గదిలో పది తెరలున్నాయి గాని కంప్యూటర్లు రెండే. ఒక సీపీయూ నుంచి ఐదు మానిటర్లకు వైర్లు పోతాయి, ఒక్కోదానికి ఒక కీబోర్డు, ఒక మౌస్. ఖర్చు కలిసొస్తుందని అలా పెట్టారు. అందులో తప్పేమీ లేదు, నిదానంగానైనా పనిచేసేవి. కానీ ఒక్క బటన్ నొక్కితే ఐదు గుంపుల పని గాలికి పోతుంది. సేవ్ చేయడం అప్పటికింకా పిల్లలకు అలవాటు కాలేదు.

మాకిచ్చిన శిక్షణలో వర్డ్ ఎలా చెప్పాలో, ఎక్సెల్ ఎలా చెప్పాలో నేర్పారు. 58 మంది ఎనిమిదో తరగతి పిల్లలు పది తెరల ముందు ఎలా కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా నేను చదువుకున్న రోజుల్లో చూసిన తరగతి. టీచరు ముందు నిలబడాలి, పిల్లలు ఎదురుగా కూర్చోవాలి, నోరు మెదపకూడదు. బల్లల్ని అలాగే వరసలుగా వేయించాను. నేను బోర్డు దగ్గర నిలబడితే నాకు మానిటర్ల వీపులు కనిపించేవి, వాటి మీదుగా పిల్లల నుదుళ్లు. తెరల మీద ఏం జరుగుతోందో తెలిసేది కాదు. గది నిశ్శబ్దంగా ఉంటే పాఠం బాగా సాగుతోందని అనుకునేదాన్ని. నెల తిరగ్గానే ఆ ఏర్పాటు పనికిరాదని తెలిసిపోయింది. ఒక ఆదివారం అటెండరునీ, వాళ్ల అబ్బాయినీ సాయం పిలిచి బల్లలన్నీ రెండు గోడలకూ జరిపించాను. అప్పటినుంచి గది మధ్యలో నిలబడి ఒక్కసారి చుట్టూ తిరిగితే పది తెరలూ కనిపించేవి. ఆ మార్పుతో సగం అల్లరి దానంతటదే సర్దుకుంది. మిగతా సగం ఈ బటన్ వ్యవహారం.

మొదటి రెండుసార్లు ఎడమపక్క పిల్లలందరినీ నిలబెట్టాను. "ఎవరు నొక్కారో చెప్పేదాకా కూర్చోవద్దు" అన్నాను. ఎవరూ చెప్పలేదు. అందరినీ కలిపి శిక్షిస్తే తప్పు చేయనివాళ్లకు నామీద కోపం వచ్చింది, చేసినవాడికి దాక్కోవడానికి చోటు దొరికింది. మూడోసారి ఎవర్నీ నిలబెట్టలేదు. ఎలాగూ ఇంటర్వెల్ గంట కొట్టారు, పంపించేశాను. ఒక అబ్బాయి మాత్రం వెనక ఉండి, చెప్పకుండానే స్టూళ్లు బల్లల కిందికి తోస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గోళ్ల సందుల్లో బూడిదరంగు దుమ్ము. మార్కాపురం చుట్టుపక్కల ఆ దుమ్ము చూడగానే తెలిసిపోతుంది, ఇంట్లో పలకల పని ఉందని. వాళ్ల నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆదివారాలు వీడు కూడా పలకలకు చెక్క అంచులు కొట్టడానికి పోయేవాడు.

"నేనే టీచర్" అన్నాడు, తల ఎత్తకుండా.

ఎందుకని అడిగాను.

"మళ్లీ మొదట్నుంచీ మొదలైతే వంతు మారిద్దేమోనని. ఎట్టాగూ నాదాకా రాదుగా టీచర్."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒక తెరకు ఆరుగురు. మౌస్ పట్టుకున్నవాడు వదలడు. వాడు వదిలేలోపు గంట కొడతారు. మళ్లీ క్లాసు మూడు రోజుల తర్వాత. అప్పుడు ముందుగా పరుగెత్తుకొచ్చేదీ వాడే. వంతులు వాళ్లే సర్దుకుంటారని నేను అనుకున్నాను. వాళ్లు సర్దుకున్నారు కూడా, బలం ఉన్నవాడి లెక్క ప్రకారం.

తర్వాతి క్లాసులో నేను పాఠం చెప్పలేదు. పెయింట్‌లో ఇల్లు గీయమని చెప్పి, హాజరుపట్టీ నుంచి పేర్లు ఎత్తి రాసుకున్న కాగితం పట్టుకుని మధ్యలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏ చెయ్యి మౌస్ మీద పడితే ఆ పేరు పక్కన టిక్కు పెట్టాను. నలభై నిమిషాలయ్యాక లెక్క చూసుకున్నాను. యాభై ఎనిమిది మందిలో పద్నాలుగు చేతులు. అందులో ఆడపిల్లలవి రెండు. తరగతిలో ఆడపిల్లలు ముప్పై ఒక్కమంది.

ఇరవై ఏడో నంబరు అమ్మాయి పేరు పక్కన టిక్కు లేదు. ఆ అమ్మాయి నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఏ ప్రశ్న అడిగినా ముందు తనే లేచేది. ఇన్‌పుట్ పరికరాలు ఏవి, ర్యామ్‌కీ రోమ్‌కీ తేడా ఏంటి, గడగడా చెప్పేది. ఆ సాయంత్రం ఆపి, ఒక తెర ముందు కూర్చోబెట్టి, పెయింట్ తెరవమన్నాను. మౌస్‌ను గాల్లోకి ఎత్తి తెరకు చూపించింది. రెండు నెలలుగా నా క్లాసులో కూర్చుంటున్న పిల్ల. నేను శభాష్ అని మెచ్చుకున్న పిల్ల. మౌస్‌ను బల్లమీద ఆనించి జరపాలని తనకు తెలియదు. ఆ రోజు బస్సులో ఇంటికి పోతూ కిటికీలోంచి ఒక్క చెట్టు కూడా చూసిన గుర్తు లేదు.

తర్వాతి వారం నుంచి క్లాసును రెండు ముక్కలు చేశాం. సగం మంది గదిలో నా దగ్గర. మిగతా సగం వరండాలో సార్ దగ్గర. వాళ్లు అట్టముక్కల మీద గీసిన కీబోర్డుల ముందు బాసింపట్లు వేసుకుని కూర్చునేవాళ్లు. పాత నోట్‌పుస్తకాల అట్టలు, పెళ్లిపత్రికల వెనక వైపులు, ఏది దొరికితే దాని మీద వాళ్లే గీసుకున్నారు. అప్పుడు తెరకు ముగ్గురు లేదా ఇద్దరు పడ్డారు. ముగ్గురికీ మూడు పనులు. ఒకరు మౌస్, ఒకరు కీబోర్డు, ఒకరు పుస్తకం చూసి పైకి చదివి చెప్పడం. చదివేవాళ్లు మౌస్ ముట్టకూడదు, మౌస్ పట్టుకున్నవాళ్లు చదివేవాళ్లు చెప్పింది తప్ప సొంతంగా ఏమీ నొక్కకూడదు. ఈ రెండో నిబంధన పెట్టిన రోజు పెద్ద పేచీ పడింది. అప్పటిదాకా మౌస్ పట్టుకుని ఏలినవాళ్లకు ఇంకొకరు చెబితే చేయడమంటే తలకొట్టేసినట్టయింది.

వంతు మార్చడానికి నా గొంతు సరిపోయేది కాదు. మధ్యాహ్న భోజనానికి తెచ్చుకునే స్టీలు కంచం ఒకటి తీసుకుని గరిటెతో ఒక్క దెబ్బ కొట్టేదాన్ని. ఆ మోతకు చేతులు లేవాలి. చేతులు పైకి లేచాకే స్టూళ్లు మారాలి. మొదట్లో స్టూళ్లు మారడానికే మూడు నిమిషాలు పట్టేది. వైర్లలో కాళ్లు చిక్కుకునేవి. తర్వాత కుడివైపు నుంచి ఎడమకే జరగాలని పెట్టాం, ఊళ్లో బంతి భోజనాల్లో వడ్డన సాగినట్టు. పదిహేను రోజులకు పావు నిమిషంలో మారిపోయేవాళ్లు. ఆ కంచం మోత పక్క గదిలో లెక్కల సారుకు ఇబ్బంది అయింది. ఆయన వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లి, వాళ్ల తలుపు వేసుకున్నారు.

పక్క క్లాసు వాళ్లకు మా గదిలో గోల ఎక్కువగా వినిపించేది. నిజమే, ఎక్కువగానే ఉండేది. పది మంది ఒకేసారి పైకి చదివి చెబుతుంటే గోల కాక మరేమవుతుంది? ఒక పెద్ద టీచరు గారు బెత్తం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇది లేకపోతే కుదరదమ్మా" అన్నారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, కొత్తదాన్ని, చిన్నదాన్ని అని జాలిపడ్డారు. దాన్ని బోర్డు మీద బాణాలు చూపించడానికి వాడాను. పిల్లల్ని కొట్టకూడదని చట్టమే చెప్పే రోజు, విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చిన 2010 ఏప్రిల్, ఇంకా రాలేదప్పటికి. చట్టం గురించి ఆలోచించి కాదు నేను కొట్టనిది. చెయ్యి వణికేవాళ్లకు మౌస్ నిలవదు. కర్సర్‌ను ఒక చిన్న గుర్తు మీద ఆపి రెండుసార్లు గబగబా నొక్కాలంటే వేలికి ధైర్యం కావాలి. దెబ్బ పడుతుందన్న భయంతో ఉన్న పిల్ల డబుల్ క్లిక్ చేయలేదు. ఇది నేను ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

ఇంకొకటి, "టీచర్ టీచర్" అనే పిలుపు. పది చోట్ల నుంచి పదిమంది ఒకేసారి పిలుస్తారు. బాగా అరిచినవాళ్ల దగ్గరికే మనం పోతాం, తెలియకుండానే. దానికి పరిష్కారం నాకు పిల్లల సంచుల్లోనే దొరికింది. మా ప్రాంతంలో అప్పట్లో పలక లేని ఇల్లు ఉండేది కాదు. ఫ్యాక్టరీల వెనక విరిగిన పలక రాయి గుట్టలు గుట్టలుగా పడి ఉండేది. ఒక్కో మానిటర్ దగ్గర ఒక చిన్న పలక పెట్టాం. అప్పటి మానిటర్లు వీపున్న పెద్ద డబ్బాలు, పైన పలక నిలబెట్టడానికి చోటుండేది. సాయం కావాలంటే పలకను గోడకు ఆనించి నిలబెట్టాలి, దాని మీద సుద్దతో వరస నంబరు వేయాలి. ముందు నిలబెట్టినవాళ్లు ఒకటి, తర్వాతివాళ్లు రెండు. నేను ఆ వరసలోనే పోయేదాన్ని. నేను వచ్చేలోపు పక్క తెరవాళ్లను అడగొచ్చు, వాళ్లు నోటితో చెప్పొచ్చు గాని చెయ్యి పెట్టకూడదు. చాలాసార్లు నేను పోయేసరికి పలక పడుకోబెట్టేసి ఉండేది. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకే పనిలోనూ కలగలేదు.

చెప్పుల విషయం కూడా చెప్పాలి. దుమ్ము రాకూడదని మొదట చెప్పులు బయట విడిచి రమ్మన్నాను. రెండో వారంలో ఒక అమ్మాయి ఏడుస్తూ వచ్చింది, చెప్పులు కనిపించడం లేదని. ఆ మరుసటి రోజు నుంచి గుమ్మం దగ్గర ఎన్ని జతలు ఉంటున్నాయో గమనించాను. తరగతిలో సగానికి పైగా పిల్లలు అసలు చెప్పులే లేకుండా వస్తున్నారు. వాళ్ల పాదాలకు అంటుకుని పలకల దుమ్ము లోపలికి వస్తూనే ఉంది. చెప్పులు విడవడం మానేయించి, గుమ్మం బయట బకెట్‌లో నీళ్లూ, గోనెపట్టా పెట్టించాం. అందరూ కాళ్లు కడుక్కుని, తుడుచుకుని రావాలి, చెప్పులున్నా లేకపోయినా. నేనూ కడుక్కునేదాన్ని.

తెలుగు టైపింగ్ సిలబస్‌లో ముఖ్యమైనదేమీ కాదు. నేనే పట్టుబట్టి పెట్టాను. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంటుంది గాని, సెట్టింగుల్లో భారతీయ భాషలను ఆన్ చేయాలంటే అసలు సీడీ అడుగుతుంది. ఆ సీడీ సంపాదించడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పడం ఇంగ్లీషు కన్నా తేలిక. అచ్చులు, గుణింతం గుర్తులు ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద. అక్షరాలు ఎలా పలుకుతామో, గుణింతం ఎలా రాస్తామో తెలిసిన పిల్లకు అది వెంటనే పట్టుబడుతుంది. వరండాలో అట్టల మీద వాళ్లు చేసే సాధన అదే.

ఇరవై ఏడో నంబరు అమ్మాయి కీబోర్డు వంతు వచ్చిన రోజు నేను వెనక నిలబడ్డాను. ఏం రాయాలని అడిగింది. నీ ఇష్టం అన్నాను. మానిటర్ మీద పడుకోబెట్టి ఉన్న పలక వైపు చూసింది. కుడిచేతి చూపుడు వేలితో ఇంగ్లీషు హెచ్ మీట నొక్కింది. తెర మీద ప వచ్చింది. ఎన్ నొక్కింది, ల. కె నొక్కింది, క. మూడు మీటలూ కుడిచేతివే. తల తిప్పి నావైపు చూడలేదు. కిటికీలోంచి పడమటి దిక్కుకు చూసింది, అటు దూరంగా కొండలు నీలంగా కనిపిస్తాయి. మళ్లీ మొదలుపెట్టింది. న. ల. తర్వాత ఎడమచేయి సాచి డి మీట నొక్కింది. ల నెత్తిన పొల్లు పడింది, ల్ అయింది. "తప్పు పోయింది" అని పుస్తకం చదివే అబ్బాయి అన్నాడు. ఆ అమ్మాయి ఆగలేదు. మళ్లీ ఎన్ నొక్కింది. పొల్లు మాయమై రెండో ల కిందికి దిగి వత్తుగా కూర్చుంది. ముగ్గురూ ఒకేసారి "ఆఁ" అన్నారు. తర్వాత మ, ల. నల్లమల. పక్క తెరవాళ్లు స్టూళ్ల మీంచి లేచి వచ్చి చూశారు. వాళ్లను వెనక్కి పంపడానికి నాకు మనసు రాలేదు. ఆ ఒక్కరోజు నిబంధన పక్కన పెట్టాను.

బటన్ నొక్కిన అబ్బాయి మళ్లీ ఎప్పుడూ నొక్కలేదు. వాడికి ప్రత్యేకమైన పనేమీ అప్పగించలేదు, ఉపదేశమూ చేయలేదు. వాడి పేరు పక్కన ప్రతి క్లాసులో టిక్కు పడేలా చూశాను, అంతే. ఎక్సెల్‌లో మాత్రం వాడు అందరికన్నా ముందుండేవాడు. రోజుకు ఎన్ని పలకలు, పలకకు ఎంత కూలి, వారానికి ఎంత అని ఒక పట్టిక వేశాడు. ఆటోసమ్ నొక్కి వచ్చిన మొత్తం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ ఫైలు తుడిచేయమన్నాడు. ఎందుకని నేను అడగలేదు. వాడి ముందే తుడిచేశాను.

పదో తరగతి పిల్లలకు మా పీరియడ్ దక్కేది కాదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయంటూ లెక్కలకో సైన్సుకో ఇచ్చేసేవారు. కంప్యూటర్‌కు మార్కులు లేవు కదా. నేను ఎక్కువగా వాదించలేదు, ఇప్పుడనిపిస్తుంది, వాదించి ఉండాల్సిందని.

2012లో కరెంటు కోతలు విపరీతమయ్యాయి. బడి వేళల్లో ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. జనరేటర్ ఉంది గాని డీజిల్ లెక్కగా వచ్చేది. యూపీఎస్ ఇచ్చే కొద్ది నిమిషాల్లో సేవ్ చేసి మూసేయాలి. అందుకు ఒక కసరత్తు పెట్టుకున్నాం. ఫ్యాను ఆగగానే కంచం మోగక్కర్లేదు, కీబోర్డు వంతు ఉన్నవాళ్లు కంట్రోల్, ఎస్ నొక్కాలి, మౌస్ వంతు ఉన్నవాళ్లు తెర మీది విండోలు మూసేయాలి, చదివేవాళ్లు ఎవరి వంతు ఎక్కడ ఆగిందో పలక మీద రాయాలి. అది అయ్యాక అందరూ సంచుల్లోంచి అట్టలు తీసుకుని ఉన్నచోటే సాధన చేసేవాళ్లు. చీకటి గదిలో ఇరవై తొమ్మిది మంది పిల్లలు అట్టల మీద వేళ్లు ఆడిస్తుంటే వాన మొదలైనప్పుడు తాటాకు మీద చినుకులు పడ్డట్టు ఉండేది.

2013లో ఐదేళ్ల ఒప్పందం ముగిసింది. సామానంతా లెక్కపెట్టి బడికి అప్పజెప్పాం. పది మానిటర్లు, రెండు సీపీయూలు, ఎనిమిది మౌస్‌లు బాగున్నవి, రెండు పాడైనవి. మమ్మల్ని ఇక రావద్దన్నారు. ఎవరితో ఏం మాట్లాడాలో, ఆ గదిలో తర్వాత ఎవరు నిలబడతారో మాకెవరూ చెప్పలేదు. టిక్కుల నోట్‌పుస్తకాలు ఐదున్నాయి, ఏడాదికొకటి. సామాను జాబితాలో వాటికి చోటు లేదు. హెచ్ఎం గారిని అడిగితే "నీవేగా, తీసుకెళ్లమ్మా" అన్నారు.

ఆఖరి క్లాసు ఎనిమిదో తరగతికి. మొదలైన పది నిమిషాలకే ఫ్యాను ఆగింది. పిల్లలు ఎప్పటిలాగే సేవ్ చేసి, మూసి, అట్టలు తీశారు. నేను మధ్యలో స్టూలు మీద కూర్చున్నాను. ఏదైనా చెప్పాలనుకున్నాను, మాట రాలేదు. ఇంకో ఐదు నిమిషాల్లో గంట కొడతారనగా ఫ్యాను కదిలింది. పది తెరలూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. పెద్ద పిల్లవాడొకడు గబుక్కున మౌస్ మీద చెయ్యి వేయబోయాడు. పక్కనున్న చిన్నపిల్ల వాడి చేతిని పక్కకు నెట్టి, మానిటర్ మీదున్న పలకను దించి, సుద్దతో రాసిన నంబరు వాడికి చూపించింది.